చిన్నకోడలి హస్తవాసి

పూలకొట్లలో స్నాప్‌డ్రాగన్ అని పిలిచే పువ్వును ఆ ఇంట్లో నోటిపువ్వు అంటారు. రెండు బుగ్గలూ వేళ్ళతో మెల్లగా నొక్కితే నోరు తెరుస్తుంది, వదిలితే మూసుకుంటుంది. అంత నోరున్న పువ్వును పెంచే పని, నోట్లో నాలుక లేని చిన్నకోడలికి అప్పగించారు.

అంతకు ముందు ఆ పని పెద్దకోడలిది. దుమ్ములాంటి ఆ విత్తనాన్ని మట్టి పైన చల్లి వదిలేయాలి, వెలుతురు తగలకపోతే మొలవదు. పెద్దకోడలు దాన్ని వేలు గుచ్చి లోతుగా పూడ్చింది. ఒక్క మొలకా రాలేదు. "దీని చెయ్యి తగిలితే ముళ్ళకంప కూడా ఎండిపోతుంది" అని అత్తగారు దండం పెట్టేసింది. పెద్దకోడలు ఎంచక్కా బట్టల కొట్లో ఉద్యోగం చూసుకుని మొగుణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది. తెలియక పూడ్చిందో, తెలిసే పూడ్చిందో ఆవిడకే తెలియాలి.

మరుసటేడు కొత్తగా కాపురానికొచ్చిన చిన్నకోడలు సరదాకి చల్లింది. చల్లిందంతా మొలిచింది. "చిన్నదాని హస్తవాసి మంచిది" అంది అత్తగారు. పాపం, ఆ పిల్ల ఆ మాటకి పొంగిపోయింది. మెచ్చుకుంటూనే ముందరి కాళ్ళకు బంధం వేస్తున్నారని అప్పుడెలా తెలుస్తుంది?

ఆ విత్తనం అత్తగారికి వాళ్ళ అత్తగారిచ్చింది. దాని పువ్వు నల్లగా కనిపించేంత ముదురు ఎరుపు, ఇంకెవరి తోటలోనూ లేదు. పక్క మడిలో తెల్లవి ఉంటాయి. తుమ్మెద ఈ నోట్లోంచి ఆ నోట్లో దూరితే రంగు కలిసిపోతుందని ఎర్ర మడి మీద వల కప్పుతారు. ఆ వల వెయ్యడం, చిరిగితే కుట్టడం, గుబురుగా పెరగడానికి లేత మొక్కల తలలు గిల్లడం, కింది పూలు విచ్చుకోగానే కాడలు కోసి బకెట్లలో నిటారుగా నిలబెట్టడం, అన్నీ చిన్నకోడలివే. పక్కకి వాల్చి పెడితే కాడ కొస పైకి వంకర తిరుగుతుంది, కొట్టువాళ్ళు తీసుకోరు. అందుకని పుట్టింటికి వెళ్ళినా సాయంత్రానికి తిరిగి రావలసిందే.

ఒకసారి వల చిరుగులోంచి తుమ్మెద దూరడంతో, మరుసటేడు ఎర్ర మడిలో గులాబీరంగు మొక్క ఒకటి పూసింది. చిన్నకోడలు ముచ్చటపడి దాని విత్తనం విడిగా వేసి చూసింది. ఎరుపూ తెలుపూ గులాబీ కలగలిసి వచ్చాయి. ఆ రంగు నిలిచేది కాదని ఆమెకి అప్పుడే తెలిసింది.

పట్నంలో బొకేల కొట్టు పెట్టిన ఆమె అక్క ఫోన్ చేసింది. "కొట్టు పైన రెండు గదులున్నాయే. మీ ఆయన్ని తీసుకుని వచ్చేయ్. ఇద్దరం కలిసి చేసుకుందాం." చిన్నకోడలికి ప్రాణం లేచొచ్చింది. పూలు పంపే వ్యాను నడిపే మొగుడు "అమ్మ సరేనంటే నాకేం?" అన్నాడు. వెన్న పూసినట్టు మాట్లాడే మనిషే గాని, ఏ ఎండకీ కరగడు.

గుండె చిక్కబట్టుకుని అత్తగారినడిగింది.

"వెళ్దువుగానిలే అమ్మాయ్. ఆ ఎరుపు నిలిచినన్నాళ్ళు ఉండు. నా చేతులు వణుకుతున్నాయి, ఆ విత్తనం నా కంటికానదు. మా అత్తగారి విత్తు నా హయాంలో పోయిందనిపించుకోలేను. అది పోయిననాడు నిన్నెవరాపుతారు?"

అత్తగారు మామూలుగానే అంది. చిన్నకోడలికి మాత్రం ఆ చివరి మాట తలుపు తీసినట్టు వినిపించింది. మొగ్గలు విచ్చే వేళకి వల తీసి చుట్టబెట్టేసింది. తుమ్మెదలు రోజంతా ఎరుపులోంచి తెలుపులోకి, తెలుపులోంచి ఎరుపులోకి తిరుగుతుంటే దొంగతనం చేసినదానిలా అటు కన్నెత్తి చూడలేకపోయింది. అయినా వల వెయ్యలేదు. ఆ కాయల విత్తనమే మళ్ళీ చల్లింది.

తర్వాతి కాపులో ఎర్ర మడి సగానికి పైగా గులాబీరంగు పూసింది. అత్తగారు మడి గట్టున వంగి పూలు ఒక్కొక్కటీ కంటికి దగ్గరగా పట్టుకుని చూసింది. చిన్నకోడలు పాపభయంతోనూ ఆశతోనూ గుమ్మంలోనే ఆగింది. ఇంతలో మొగుడి వ్యాను వచ్చింది.

"అమ్మా, పొద్దున తీసుకెళ్ళిన ఆ కొత్త రంగు కోసం కొట్లో కొట్టుకున్నారే! ఇకనుంచి ఏటా అదే కావాలట."

అత్తగారు వచ్చి కోడలి రెండు చేతులూ పట్టుకుంది. "చూశావా, నీ హస్తవాసి!"

"ఈ రంగు నిలవదత్తయ్యా. దీని విత్తనం వేస్తే మూడు రంగులొస్తాయి."

"నిలవకపోతే ఏటా కలుపు. ఎరుపు ఒక వల కింద, తెలుపు ఒక వల కింద. తుమ్మెద చేసే పని నీ చెయ్యి చెయ్యలేదూ?"

చిన్నకోడలికి ఏడుపు ముంచుకొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఎదురు చెప్పింది. "వల నేనే తీసేశానత్తయ్యా. రంగు పోవాలనే తీశాను."

అత్తగారు ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి పకపకా నవ్వింది. "చెడగొట్టబోయినా బాగుపడిందంటే, ఇంక నిన్నెలా వదులుతానే పిచ్చిదానా!"

విత్తనం వేసే అదను వచ్చింది. ఒకటి కాదు, ఈసారి రెండు మళ్ళకీ రెండు వలలు. చిన్నకోడలు విత్తనం అరచేతిలో పోసుకుని మడి దగ్గర కూర్చుంది. పెద్దకోడల్ని తలుచుకుని, వేలు మట్టిలోకి లోతుగా గుచ్చింది. విత్తనం పోసుకున్న తన అరచేతికేసి చూసుకుంది. తర్వాత వేలు తీసి, గుంట పూడ్చి, మట్టి చదును చేసి, విత్తనం పైపైనే చల్లింది.