రెండు కామాల మధ్య గంగారాం

ఆ రోజుల్లో నాకు తెలియనిది కూడా లోకంలో ఒకటి ఉంటుందని ఎవరైనా అంటే, తప్పు వాళ్లచేతే ఒప్పించేదాకా వదిలేదాన్ని కాదు. కాకినాడలో డిగ్రీ, గల్ఫ్‌కొచ్చి దార్సైట్‌లో కాపురం, అల్ హైల్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. ఇంతకన్నా అర్హతలేం కావాలి?

సెలవు మీద ఇంటికెళ్లే నలభై మంది జాబితా ఫోర్‌మన్ టైప్ చేసి తెచ్చాడు (జగిత్యాల వైపు మనిషి, నన్ను భరించడం కూడా అతని డ్యూటీయే). వరస నంబరు, ఇంటిపేరు, పేరు, తండ్రిపేరు, పాస్‌పోర్టు నంబరు, మధ్యమధ్య కామాలు. దాన్ని టికెట్ల ఏజెంటుకి పంపాలి. చూస్తే చాలా వరసల్లో కామా పక్కనే ఇంకో కామా. చెయ్యి తిరగని టైపింగు అనుకుని, నోట్‌ప్యాడ్‌లో జంట కామాలున్న చోటల్లా ఒక్కటే ఉండేలా మార్చబోయాను.

"మేడమ్, గవి గట్లనే ఉండనియ్యుండ్రి."

"కామాలు కూడా నువ్వే నేర్పుతావా నాకు?"

"నేర్పుడు గాదు మేడమ్, మా దిక్కు శానమందికి పాస్‌పోర్టుల..."

"నువ్వు సైట్‌కి వెళ్లవయ్యా," అని మీట నొక్కేశాను. నలభై వరసలూ ఒక్క క్షణంలో శుభ్రమైపోయాయి. ఎంత గర్వపడ్డానో.

గురువారం సాయంత్రం టికెట్లు పంచాను. అందరికన్నా ముందు, మర్నాడు ఉదయమే వెళ్లాల్సినవాడు గంగారాం మేస్త్రీ. తను ఇక్కడికొచ్చాక పుట్టిన కూతుర్ని ఇంకా చూడనేలేదు. ఆదివారం వేములవాడలో ఆ పిల్ల పుట్టువెంట్రుకలు. టికెట్ కూడబలుక్కుని చదివి, మెల్లగా అన్నాడు.

"మేడమ్, గిది మా బాపు టికెట్."

"మీ బాపు ఎవరయ్యా?"

"రాజయ్య. సచ్చిపోయి పదేండ్లాయె."

గంగారాం పాస్‌పోర్టులో ఇంటిపేరు లేదు. అందుకని ఫోర్‌మన్ ఆ చోటు ఖాళీగా వదిలాడు. ఆ ఖాళీని నేను మూసేసరికి అన్నీ ఒక గడి ముందుకి జరిగి, కొడుకు ఇంటిపేరైపోయాడు, చనిపోయిన తండ్రి ప్రయాణికుడయ్యాడు. ఏజెంటు శుక్రవారం సెలవుకని అప్పటికే తాళం వేసుకుని వెళ్లిపోయాడు (ఎవరూ ఎత్తని ఫోనుతో కూడా అరగంట వాదించాను). మిగతావాళ్ల టికెట్లు తర్వాత దిద్దించగలిగాం. గంగారాంకి మాత్రం మళ్లీ సీటు దొరికింది తొమ్మిది రోజులకి.

"పోనియ్యుండ్రి మేడమ్, యాదిల పెట్టుకోకుండ్రి," అని నన్నే ఓదార్చాడు. తిట్టి ఉంటే వాదించి గెలిచేదాన్ని.

సెలవు నుంచి తిరిగొచ్చాక ఆ పుట్టువెంట్రుకలనాటి ఫొటో చూపించాడు. గుండుతో పిల్ల, పక్కన తల్లి, ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ.

ఇప్పటికీ మా ఆయనతో, వాచ్‌మన్‌తో, టాక్సీవాళ్లతో వాదిస్తూనే ఉన్నాను. కానీ తెర మీద రెండు కామాలు పక్కపక్కన కనిపిస్తే మీట మీద నుంచి చెయ్యి తీసేసి, ఫోర్‌మన్ ఎవరైతే వాళ్లకి ఫోన్ చేసి, వీలైనంత మర్యాదగా అడుగుతాను: "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"