మగ్గం దిగిన చీరకే ఫోటో

ఇవాళ పొద్దున ఆఫీసులో కొత్త చీర మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. సరోజక్క గుర్తొచ్చింది. తిరుత్తణి నేత కుటుంబాల చీరలు ఇంటర్నెట్లో అమ్మాలని ఈ చిన్న కంపెనీ పెట్టింది ఆవిడే. నన్ను కంప్యూటర్ పనికి తీసుకుంది, కన్నుమూసే ముందు కంపెనీనే నా చేతిలో పెట్టింది. తొలిరోజుల్లో మాకు సొంత కంప్యూటర్ కూడా లేదు, తిరువళ్ళూరులో బ్రౌజింగ్ సెంటరుకు వెళ్ళేవాళ్ళం. ఫోటో తెరమీద పైనుంచి కొంచెం కొంచెంగా దిగేది. పై అంచు కనబడ్డాక కింది అంచు వచ్చేలోపు కాఫీ తాగి రావచ్చు. "మన మగ్గమే నయం పాపా, ఇంతకన్నా బిన్నా నేస్తాది" అని అక్క నవ్వేది.

తర్వాత నెట్ వేగం పెరిగింది, ఫోన్లలోకి కెమెరాలొచ్చాయి. బాగా కుదిరిన ఒక్క ఫోటో పెట్టి ఆ రకం చీరలన్నీ అమ్మేవాళ్ళం. వ్యాపారం ఊపందుకుంది. అప్పుడే ఒకరోజు పాండూరు నుంచి ఒకావిడ వచ్చి, కవరు నా బల్ల మీద విసిరికొట్టింది.

"ఫోటోలో ఒకటి చూపించి ఇంటికి ఇంకోటి పంపిస్తారా? నా కూతురి సీమంతానికని తెప్పిస్తిని గదమ్మా!"

విప్పి చూస్తే అది మరమగ్గం చీర. మా పేరున్న ఫోటో ఎవరో ఎత్తుకుపోయి, వేరే సైటులో పెట్టి ఆవిడకు అంటగట్టారు. నాకు ఒళ్ళు మండింది. "ఇది మాది కానే కాదు" అని గొంతు పెంచాను. అక్క నా భుజం నొక్కింది.

"చీర మనది గాదులే. ఆయమ్మ నమ్మింది మన ఫోటోనే గదా?"

ఆవిడకు కాఫీ ఇచ్చి, మా చీర ఒకటి చేతిలో పెట్టి పంపింది. వెంటనే నావైపు తిరిగి, ఉన్న ఫోటోలన్నీ తీసేయమంది.

"ఆడి తళ్ళుబడి నెత్తిమీద పెట్టుకోని అంగడి మూసేస్తామా అక్కా?" అన్నాను. మా వైపు ఆషాఢంలాగా వచ్చే ఆడి నెలలో తగ్గింపు అమ్మకాలంటే మాకు పండగే మరి.

"మూసేదేముంది? ఇంక ఒక్కో చీరకు ఒక్కో ఫోటో. నేసినోళ్ళే పట్టుకోని నిలబడాల. చీర ముందూ యెనకా రెండూ చూపించాల. నేసినోళ్ళ మొగం ఉండే ఫోటోను ఆ దొంగ యాడ పెట్టుకుంటాడో చూస్తాం."

పాత ఫోటోలు పోయి, కొత్తవి ఒక్కొక్కటిగా ఎక్కేసరికి ఆ ఆడి నెలంతా ఆర్డర్లు పడిపోయాయి. మగ్గాలు నిలిపేయాలా అని నేతవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. కంపెనీ మునిగిపోతుందని నాకు నిజంగా భయమేసింది. అక్క మాత్రం గడప గడపకూ తిరిగింది. "మగ్గం ఆపొద్దు మామా. నువ్వు నేసింది నేను అమ్మి చూపిస్తా" అని చెప్పి వచ్చేది. నేను మొహం వేలాడేసుకుంటే మండిపడేది. "పెరిగేదానికి తొందరేమొచ్చింది? ముందు పడిపోకుండా నిలబడేది నేర్చుకో!"

దీపావళి నాటికి గాలి మారింది. "ఫోటోలో ఆ మీసాల తాత నేసే తర్వాతి చీర నాకే" అంటూ ఫోన్లు వచ్చాయి. కొనేవాళ్ళకు నేసేవాళ్ళ మొహాలు తెలిశాయి. ఒక్క మగ్గం కూడా ఆగలేదు.

పోయిన వారం చెన్నై నుంచి ఒక పెద్ద వ్యాపారి ఫోన్ చేశాడు. కంప్యూటరే తయారుచేసిన చీరల బొమ్మలు కొన్ని పంపాడు. ఎవరూ నేయని చీరలవి. అబ్బ, ఎంత బాగున్నాయో! ముందు ఇవి పెట్టి ఆర్డర్లు తీసుకోండి, తర్వాత నేయించుకోవచ్చు, ఏడాదిలో ఎక్కడికో పోతారన్నాడు.

"వీటిని పట్టుకోని నిలబడేది ఎవురు సార్?" అన్నాను.

ఆయన నవ్వి ఫోన్ పెట్టేశాడు. ఆ బేరం పోయింది. బాధ లేదంటే అబద్ధం. అక్క పక్కనుంటే బాగుండేదని ఏడుపొచ్చింది కూడా. కళ్ళు తుడుచుకుని కెమెరా తీసుకున్నాను. మాకు నేసే నాగమ్మ వదిన చీర అప్పుడే మగ్గం దిగిందట, ఎండ పోకముందే వెళ్ళాలి.