చూపు నిలిపే పని

మేమిద్దరం చుట్టాలం కాము. అతను బందరు ముస్లిం, రోల్డ్‌గోల్డ్ నగలు చేసేవాడు. నేను గుడివాడలో డ్రిల్లు మాస్టారిని. బందరు క్లబ్బులో సాయంత్రాలు టెన్నిస్ ఆడుతూ పరిచయమయ్యాం. ఏడాది తిరక్కుండానే ఒకరినొకరు బావా అని పిలుచుకోవడం మొదలైంది. ఆటలో ఇద్దరమూ అంతంతమాత్రమే. బంతి గీత లోపల పడిందో బయట పడిందో చూసి చెప్పే లైన్ అంపైర్లకి శిక్షణ ఇస్తున్నారని తెలిసినప్పుడు తనే అన్నాడు:

"ఆడి ఎలాగూ పెద్ద కోర్టు ఎక్కలేం బావా. నిలబడైనా చూద్దాం."

అలా మొదలైంది. చెన్నైలో మగవాళ్ళ ప్రొఫెషనల్ సింగిల్స్ టోర్నమెంటు జరిగినప్పుడల్లా మాకు పిలుపొచ్చేది. టీవీలో చూపించే పెద్ద టోర్నమెంటు కాదది. ప్రపంచ ర్యాంకుల్లో ఎక్కడో అట్టడుగున ఉన్నవాళ్ళు, అసలు ర్యాంకే లేనివాళ్ళు ఏయే దేశాల నుంచో తమ సంచులు తామే మోసుకుంటూ వచ్చేవారు. హోటలు బాత్రూములో బట్టలు ఉతుక్కుని కిటికీలకు ఆరేసుకునేవారు. ఒక్కొక్క పాయింటుకీ వాళ్ళు పడే యాతన చూస్తుంటే, గీత దగ్గర నిలబడ్డ మాకు రెప్ప వెయ్యాలన్నా భయమేసేది.

స్కూలుకి సెలవు పెట్టి నేను గుడివాడ స్టేషనుకి వెళ్ళేసరికి బందరు రైల్లో తను ముందే కూర్చుని ఉండేవాడు. విజయవాడలో బండి మారి, వాళ్ళావిడ కట్టిచ్చిన బిర్యానీ తిని, పడుకునేదాకా ఆట గురించే మాట్లాడుకునేవాళ్ళం. ఏడాది మొత్తంలో నాకు బాగా ఇష్టమైన ప్రయాణం అది.

చివరిసారి వెళ్ళినప్పుడు విజయవాడ ప్లాట్‌ఫారం మీద పక్కనుంచి వస్తున్న ఒకావిడని గుద్దుకున్నాడు. ఆవిడ తిట్టింది. బండెక్కాక ఎవరో చాపుకున్న కాలు తగిలి తూలాడు.

"ఏంటి బావా, పరాకు?" అన్నాను.

"నిద్ర చాల్లేదులే."

నమ్మాను. నమ్మకపోవడానికేముంది? మాకు ఏటా కంటి పరీక్ష ఉండేది. చార్టులో అన్నిటికన్నా కింది వరస కూడా తను గడగడా చదివేసేవాడు. కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి నేనే.

టోర్నమెంటు మొదటి రోజు మధ్యాహ్నం ఒకే కోర్టులో ఇద్దరికీ పని పడింది. తను ఒక చివర బేస్‌లైన్, అంటే వెనక గీత దగ్గర, నేను రెండో చివర. ఆడుతున్నవాళ్ళలో ఒకడు సన్నగా, పొడుగ్గా ఉన్న విదేశీ కుర్రాడు. మూడో సెట్టుకొచ్చేసరికి వాడి కాళ్ళు పట్టేస్తున్నాయి. ఓపికంతా కూడగట్టుకుని ఒక ఫోర్‌హ్యాండ్ కొట్టాడు. బావ ముందున్న గీతకి జానెడు లోపల పడింది.

"ఔట్!" అని అరిచాడు బావ.

ఇవతల చివరనున్న నాకే తెలిసిపోయింది. కుర్చీలో ఉన్న అంపైరు వెంటనే దిద్ది, పాయింటు మళ్ళీ ఆడించాడు. ఆ పాయింటు కుర్రాడు పోగొట్టుకున్నాడు. రాకెట్టు నేలకేసి కొట్టి, నేరుగా బావ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"నీకు కళ్ళు కనిపించవా?" అని ఇంగ్లీషులో అరిచాడు.

మా పనిలో ఈ మాట పడనివాడుండడు. రాత్రి భోజనాల దగ్గర చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. కానీ ఆరోజు బావ ముఖంలో రక్తం లేదు.

కాసేపటికి మరో బంతి అతని గీత మీదికే వెళ్ళింది. ఆటగాడు అడ్డొచ్చి బంతి కనిపించకపోతే, మేం రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకోవాలి. నేను చూడలేదని చెప్పే సైగ అది. బావ అలా చేతులు పెట్టుకున్నాడు. అతని ముందు ఎవరూ లేరు. కోర్టు ఖాళీగా ఉంది. చేతులు దించడానికి చాలాసేపు పట్టింది.

ఆటగాళ్ళు వైపులు మారేటప్పుడు తనే అంపైరు దగ్గరికెళ్ళి, తన బదులు ఇంకొకరిని నిలబెట్టమని అడిగాడు.

మ్యాచ్ అయ్యాక చూస్తే డ్రెస్సింగ్ రూములో బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"బంతులు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలీడం లేదు బావా. ఉన్నట్టుండి ఎదురుగా పుడుతున్నాయి," అన్నాడు. "కొన్నాళ్ళ నుంచీ అంతే. ఎండ వల్ల అనుకున్నాను."

మర్నాడే తిరిగొచ్చేశాం. విజయవాడలో కళ్ళ డాక్టరు చాలాసేపు పరీక్షలు చేసి, నీటికాసులు, అంటే గ్లాకోమా అన్నారు.

"చార్టంతా చదివాను కదండీ," అన్నాడు బావ.

"చార్టు మీ ఎదురుగా ఉంటుంది. మీకు పోయింది పక్క చూపు. పోయినది తిరిగి రాదండీ. ఉన్నదాన్ని కాపాడుకోవడానికి చుక్కల మందు రాస్తాను."

అక్కడినుంచి బందరు రైలెక్కాం. గుడివాడలో నేను దిగబోతుంటే చెయ్యి పట్టుకుని, "ఇంట్లో మీ చెల్లెలికి నేనే చెప్పుకుంటాను," అన్నాడు.

మా ఆవిడ మోపిదేవి స్వామికి మొక్కుకుంది. వాళ్ళావిడ దర్గాలో చాదరు కప్పించింది. "ఇద్దరిలో ఎవరు వింటారో చూద్దాం," అని బావ నవ్వాడు. మోపిదేవికి మాతో కారులో తనూ వచ్చాడు. దివిసీమ దారి పొడుగునా కోతకొచ్చిన చేలు. తల పూర్తిగా కిటికీ వైపు తిప్పి, చేలని ఎదురుగా పెట్టుకుని, కొంచెం కొంచెంగా చూసుకుంటూ వచ్చాడు. ముందు సీట్లో ఉన్న నాకు అద్దంలో అది కనిపించి, కారు కొంచెం నెమ్మదిగా పోనివ్వమన్నాను.

మందులు మానలేదు, ఆపరేషనూ అయింది. చూపు ఇరుకవుతూనే వచ్చింది. కొన్నాళ్ళు నగల్లో రాళ్ళు పొదిగే పని చేశాడు. తర్వాత పట్టకారు పక్కన పెడితే ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చి, అదీ మానేశాడు.

మరుసటేడు నేనొక్కణ్ణే వెళ్ళాను. కోర్టులో నిలబడ్డానన్న మాటేగానీ, పాయింటుకీ పాయింటుకీ మధ్య నా చెయ్యి నేనే చెవి పక్కన ఆడించి, కనిపిస్తోందా లేదా అని చూసుకునేవాణ్ణి. సాయంత్రమైతే హోటలు గదిలో మాట్లాడే మనిషి లేడు. ఆ తర్వాత పిలుపొస్తే రాలేనని చెప్పేశాను.

ఇప్పుడు ఆదివారాలు బందరు వెళ్తున్నాను. టీవీలో మ్యాచ్ ఉంటే ఇద్దరం కూర్చుంటాం. ఆటగాడి ముఖం అతనికి తెలుస్తుంది, బంతి దొరకదు. చప్పుడు విని తల తిప్పుతుంటాడు. మొన్న ఒక పెద్ద టోర్నమెంటు చూస్తుండగా అడిగాడు:

"అరుపులన్నీ ఒకే గొంతులా ఉన్నాయేంటి బావా? గీతల దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. ఇప్పుడు అక్కడ మిషనే చూస్తోంది, అదే అరుస్తోంది."

అతను టీవీ వైపు చెవి పెట్టి ఇంకో అరుపు విన్నాడు.

"పోన్లే," అన్నాడు. "దాన్ని ఎవరూ తిట్టరు."

వాళ్ళావిడ టీ తెచ్చింది. గ్లాసు అతని చేతికి నేనే అందించాను.