గట్టిమేళం

నగరి పెళ్లిళ్లలోకి మైకుసెట్లు దూరాక, డోలు చెంగల్రాయుడు మహాబలిపురం సముద్రపొడ్డు హోటల్లో కుదిరాడు. దొరలు తింటుంటే మెత్తగా వాయించాలట! డోలును మెత్తగా వాయించమనేవాడికి ఏం చెప్తాం? కుడిచేతి వేళ్లకు తొడుగులు, ఎడమచేత పుల్ల, చూపు మాత్రం ఎప్పుడూ ఎదుటివాళ్ల చేతులమీదే. తాళి కట్టేవేళ చెడ్డమాట ఎవరి చెవినా పడకుండా, పురోహితుడు చెయ్యెత్తగానే గట్టిమేళం మోగించిన అలవాటది. ఒకరోజు ఒక దొర నీళ్లకోసం చెయ్యెత్తాడు. డోలు ఉరిమింది. పక్కనున్న దొరసాని గ్లాసు జారవిడిచింది.

తిరుపతివాడైన మేనేజరు కోపంతో ఊగిపోతూ పరుగెత్తుకొచ్చాడు. "ఏమిరా, ఈడేమన్నా పెండ్లి జరగతా ఉండాదా? పో, పొయ్యి నీ పాడె ముందర కొట్టుకో!" చెంగల్రాయుడు డోలు సర్దుకుని, మేనేజరు నోరు కదలడమే తప్ప మాట వినబడనంతగా గట్టిమేళం అందుకున్నాడు.