డ్రోవర్స్ పబ్బులో వెచ్చటి గది

క్లిఫర్డ్ ఆగ్డెన్ ముప్పయ్యేళ్లుగా ఇంగ్లండు ఉత్తరాన ఊరూరా తిరిగి, గొర్రెల సంతల్లో తూకం యంత్రాలు బాగుచేసేవాడు. ఎన్ని ఊళ్లు తిరిగినా పడక మాత్రం ఒకే రకం. పెద్దరోడ్డు పక్కన చవకరకం చైన్ హోటల్. ఎక్కడ దిగినా అదే మంచం, అదే ఊదారంగు కర్టెను, అదే బుల్లి కెటిల్, పక్కన రెండు బిస్కట్లు. దీపం ఆర్పినా స్విచ్చు ఎక్కడుందో చేతికి తెలుసు.

"నిన్ను వేరే ఊరి హోటల్లో దింపేసినా తెల్లారేదాకా కనిపెట్టలేవు," అని భార్య నొరీన్ దెప్పేది.

"అందుకేగా అక్కడికి పోయేది," అనేవాడు క్లిఫర్డ్. ఆయనకు ఆశ్చర్యాలంటే పడదు మరి.

ఆ అక్టోబరులో పొట్టేళ్ల అమ్మకాలు వచ్చిపడి చైన్ హోటల్లో ఒక్క గదీ దొరకలేదు. చేసేదిలేక కొండదారిలో ఉన్న డ్రోవర్స్ అనే పబ్బులో పైగది తీసుకున్నాడు. పబ్బు నడిపేది బెరిల్ హెస్కెత్. భర్త కిందటి చలికాలం పోయాడు. మూసేసిన గదుల్ని మళ్లీ అద్దెకిస్తే తప్ప పబ్బు నిలబడేలా లేదు. క్లిఫర్డే మొదటి బాడుగమనిషి.

ఆ సాయంత్రమే కింద హాల్లో ఆ ఏటికి మొదటిసారి చలిమంట పొయ్యి వెలిగించారు. దాని పొగగొట్టం క్లిఫర్డ్ గది గోడలోంచే పైకి పోతుంది. గదిలోనూ ఒక పాత పొయ్యిగూడు ఉంది, అట్టముక్క అడ్డం పెట్టి మూసేశారు. దాని కింద నాలుగు ఎండుపుల్లలు రాలి ఉన్నాయి. శుభ్రత మనిషి కదా, బూటుతో వాటిని మూలకు నెట్టాడు. కిటికీ తియ్యబోతే రంగు పట్టేసి కదల్లేదు. గది మాత్రం ఎంత వెచ్చగా ఉందో!

పొద్దున లేచేసరికి తల పగిలిపోతోంది. కడుపులో తిప్పుతోంది. గోడ పట్టుకుని మెట్లు దిగాడు. తాగింది ఒక్క గ్లాసు బీరు. వయసు మీదపడిందనుకున్నాడు.

బెరిల్ గుడ్లు, వేయించిన మాంసం పళ్లెంలో పెట్టి ఎదురుగా నిలబడింది. "నిద్ర బాగా పట్టిందా నాయనా? గదుల సంగతి, పొగగొట్టాలు దులిపించడం అన్నీ మా ఆయనే చూసుకునేవాడు. నాకేమీ తెలీదు. ఏదైనా లోపముంటే మొహమాటపడకుండా చెప్పు."

మా వైపు ఆ ప్రశ్నకు ఒక్కటే జవాబు. మంచం విరిగి నేలమీద పడుకున్నా సరే, అదే చెప్పాలి.

"ఒళ్లు తెలీకుండా పడుకున్నానండీ," అన్నాడు క్లిఫర్డ్, గుడ్డు గొంతు దిగకపోయినా.

ఆవిడ మొహం విప్పారింది. "హమ్మయ్య! మా అమ్మాయి హెటీ పసిదాన్ని వేసుకుని మధ్యాహ్నం వస్తోంది. ఆ గదే ఇస్తాను. పొయ్యి ఆరకుండా మండిస్తాను."

"చంటిపిల్లకి అంతకంటే ఏం కావాలి?" అన్నాడు ఈయన. ఏం మనిషండీ!

కారు అద్దం దించుకుని పోతుంటే కొండగాలికి తల తేలికపడింది. సంతలో పనిలో పడి అంతా మరిచిపోయాడు. భోజనం వేళ నొరీన్ ఫోను చేసింది.

"పబ్బు గది ఎలా ఉంది? నీకేం నిద్ర పట్టుంటుందిలే! పడుకునేముందు ఆ హోటల్ గదిలో మిణుకుమనే పచ్చదీపాన్ని చూస్తేగాని కళ్లు మూతపడవుగా!"

క్లిఫర్డ్ చేతిలోని రొట్టె కింద పెట్టేశాడు. ఆ పచ్చదీపం, పొయ్యి పొగలో ఉండే వాసన లేని విషవాయువును పసిగట్టే యంత్రానిది. పబ్బు గదిలో అది లేదు. తలనొప్పి, ఎండుపుల్లలు, కదలని కిటికీ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

పబ్బుకు ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. అత్యవసర సేవల వాళ్లకు చెబుదామా అనుకున్నాడు. తీరా తాను పొరబడితే? నలుగురిలో ఆవిడ పరువేం కావాలి? పరువట, పరువు! అలా ఆలోచిస్తూనే కారెక్కాడు, అద్దాలు దించి, పళ్లు బిగించి.

పబ్బు కనబడగానే తలెత్తి చూశాడు. పొగగొట్టం నోటినిండా పుల్లలు. ఎన్నేళ్ల గూడో. దానిమీద నల్లటి చిన్నకాకులు కూర్చుని ఉన్నాయి. పొగ మాత్రం దారమంతైనా రావడం లేదు.

లోపల పొయ్యి మండుతోంది, తలుపు బార్లా తెరిచే ఉంది. నలుగురైదుగురు రైతులు గ్లాసులతో తిరిగి చూశారు.

"ఏం మరిచిపోయావు నాయనా?" అంది బెరిల్ నవ్వుతూ.

"మీ అమ్మాయేది?"

"పైన పడుకుంది, ఇద్దరూనూ. ఇందాకే చూసొచ్చా. చంటిదాని బుగ్గలు యాపిల్ పళ్లే అనుకో!"

ఆ విషవాయువు పీలిస్తే బుగ్గలు అలాగే ఎర్రబడతాయని క్లిఫర్డ్ ఎక్కడో చదివాడు. ఆ వయసు మనిషి, ఇంతమందిలో, ఆడమనిషి ఇంటిని తప్పుపట్టడం ఎన్నడూ ఎరగడు.

"రాత్రి నాకు పట్టింది నిద్ర కాదండీ," అన్నాడు చివరికి. "ఆ గదిలో చావు తప్పింది. పొద్దున అబద్ధం చెప్పాను. పరుగెత్తండి!"

హెటీని ఇద్దరు రైతులు మోసుకొచ్చారు. పసిదాన్ని క్లిఫర్డే తెచ్చాడు. చేతుల్లో వేలాడిపోతోంది. ఎవరో అంబులెన్సుకు కేకలేస్తున్నారు. పెరట్లో సన్నటి వాన. ఆ తుంపర మొహంమీద పడుతున్నా పిల్ల కదలదు. "ఏడవమ్మా, ఏడువు తల్లీ," అంటూ క్లిఫర్డ్ తానే ఏడ్చేశాడు. హెటీ దగ్గింది. తర్వాత ఎంతసేపటికో పిల్ల గొంతులోంచి పిల్లికూనలాంటి కూత వచ్చింది.

బెరిల్ తడి రాళ్లమీద కూలబడింది. కూతురి తల ఒళ్లో పెట్టుకుని క్లిఫర్డ్ కేసి చూసింది.

"పొద్దున ఎందుకు చెప్పలేదయ్యా?"

"మీరు అంత ఆప్యాయంగా అడిగారు."

"నేను తెలుసుకోవాలనే అడిగాను," అంది బెరిల్.