చూడమంటే చెప్పమన్నారు

తిరుపతి హాస్టల్లో ఉండి డిగ్రీ చదివిన రోజుల్లో నేను నోరు తెరిచి ఎవరినైనా అడిగింది ఒక్కటే, ఈ బొమ్మల కథ ఒకసారి చూడండి అని. ఆ ఒక్కటీ ఎవరూ చేయలేదు.

హాస్టల్ వెనక వీధిలో నెట్ సెంటర్ ఉండేది. శనివారం సాయంత్రాలు అక్కడ చెక్క అరలో కూర్చుని వెబ్ కామిక్స్ చదివేదాన్ని. ఎక్కడో ఎవరో గీసి, వారానికో పేజీ చొప్పున నెట్‌లో పెట్టే కథలవి. వాటిలో నాకు ప్రాణం గొడుగుల ముసలామె కథ. వాన ఆగని ఊళ్లో ఆమె గొడుగులు బాగుచేస్తుంటుంది. ఎవరో ఇచ్చిపోయిన ఒక పాత గొడుగు ఏళ్లుగా ఆమె కొట్లో వేలాడుతుంటుంది. దాన్ని తీసుకుపోవడానికి ఎవరూ రారు. కథలో మాటలు తక్కువ. కొన్ని పేజీల్లో అసలుండవు, వాన గీతలూ ఆమె చేతులూ తప్ప. చిత్తూరు దగ్గర బోర్లు ఎండిపోయిన ఊళ్లో పెరిగిన నాకు ఆ వాన ఎంత చూసినా తనివి తీరేది కాదు.

ఒంటరిగా చదువుకోవడం నాకు అలవాటే. అయినా ఈ కథను ఇంకొకరు చూడాలనిపించింది. "ఆ పేజీ చూశావా" అంటే "చూశాను" అనే మనిషి ఒక్కరుంటే చాలనిపించింది.

ఆదివారం తలస్నానాలయ్యాక అందరం మిద్దె మీద జుట్టు ఆరబెట్టుకునేవాళ్లం. అక్కడో పద్ధతి ఉండేది. సినిమాకు పోయి వచ్చిన అమ్మాయి, పోని వాళ్లకు పేర్లు పడే దగ్గర్నుంచి కథంతా చెప్పాలి, ఫైట్లతో సహా. నేనెప్పుడూ వినే వైపే. ఒక ఆదివారం ధైర్యం చేసి నా కథ సంగతి ఎత్తాను. సైటు పేరు చీటీల మీద రాసి అందరికీ పంచాను. మా సీనియర్ అక్క చీటీని పుల్లలా మడిచి చెవిలో తిప్పుకుంటూ, "ఆడికి ఎవురు పోతార్లే పాపా. నువ్వు సూసినావు గదా, చెప్పు," అంది.

చెప్పాను. మాటల్లేని పేజీ దగ్గర చిక్కుపడ్డాను. ముసలామె ఆ గొడుగు వైపు చూస్తుంది అన్నాను.

"సూసి?"

"చూసి, మళ్లీ పని చేసుకుంటాది."

"ఏమీ అనుకోదా మే?"

ఏమనుకుంటుందో ఆ బొమ్మలో ముఖం చూస్తేనే తెలుస్తుంది. అందుకే కదా చూడమంటున్నాను! అది పైకి అనలేకపోయాను. వాళ్లకు మాత్రం కథ బాగా నచ్చింది. అదే నా ఖర్మ. ప్రతి ఆదివారం నన్ను కూర్చోబెట్టి తర్వాతేమైందని అడిగేవాళ్లు. అంతరిక్షంలో టమోటాలు పెంచే పిల్ల కథ, నీడతో పోట్లాడే గుమాస్తా కథ కూడా చూడమన్నాను. వాటినీ చెప్పించుకున్నారు. నేను బాగా చెప్పేకొద్దీ, చూడాల్సిన అవసరం వాళ్లకు తగ్గిపోతూ వచ్చింది.

నా రూమ్మేట్‌ది నగరి. ఇంట్లో మగ్గాలుండేవి. ఒక శనివారం బతిమాలి తనను వెంట తీసుకుపోయాను. పేజీ పైనుంచి మెల్లగా దిగుతుంటే, నేను స్క్రీన్‌ను వదిలేసి తన ముఖమే చూస్తున్నాను. "వానను మగ్గం మీద పడుగు మాదిరి గీసినారే. ఒక పోగు గూడా తెగలా," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాతి పేజీ సగం కూడా దిగకముందే తను కుర్చీ వెనక్కి జరిపింది.

"కండ్లు గుంజతా ఉండాయి మే. నువ్వు చెప్తేనే బాగుంటాది. పా, బజ్జీలు తిందాం."

పరీక్షల ముందు ఆఖరి పేజీ వచ్చింది. చదివాక చాలాసేపు అక్కణ్ణుంచి లేవలేకపోయాను. ఆదివారం అందరూ చుట్టూ చేరి గొడుగు ఎవరిదని అడిగారు. చెప్పనన్నాను. ఒక్క పేజీ, పోయి చూడండి అన్నాను. సీనియర్ అక్క నన్ను ఎగాదిగా చూసి, "ఏం బిగువు మే నీకు," అని, జుట్టు చిక్కు తీసుకుంటూ ముగింపు తనే చెప్పేసింది. గొడుగు ఆమె మొగుడిదట. అలిగి పోయినవాడు ముసలివాడై తిరిగొచ్చి, వానలో నిలబడి గొడుగు అడిగాడట. ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. అది కాదు అన్నాను. ఎవరికీ వినపడలేదు.

పోయిన నెల రూమ్మేట్ ఫోన్ చేసింది. వాళ్లక్క కూతురికి నా కథ చెప్పిందట. ముసలాయన వచ్చే చోట పిల్ల ఏడ్చేసిందట. ఆయన రాడు, అది నా కథ కాదు అన్నాను.

"రాకపోతే ఏమైతాది మరి?"

నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. చూపిద్దామంటే ఆ సైటు ఇప్పుడు లేదు. నేను వెతకని చోటు లేదు. ఇక చేసేదేముంది, చెప్పాను. ఒకరోజు ముసలామె ఆ గొడుగు దించి, కొట్టు మూసి, దాన్ని తనే వేసుకుని వీధి వెంట నడిచిపోతుంది.

"అంతేనా?"

"అంతే."

"ముసిలాయన వచ్చేదే బాగుండాది మే," అంది. "పిల్లకు అట్నే ఉండనీలే."