సంపూర్ణ మేడం చేతులు

సంపూర్ణ మేడం ఎవరి ఫోనైనా చూడాల్సి వస్తే ముందు రెండు చేతులూ వెనక్కి కట్టుకుంటుంది. ఎర్రుపాలెంలో ఉండే కన్నతల్లి తన ఫోన్లో చర్చి పండగ ఫోటోలు చూపించబోయినా అంతే, మెడ వంచి చూస్తుందిగానీ తాకదు. పోలీసులకు సైబర్ పాఠాలు చెప్పడానికి ఆమె స్టేషన్లు తిరుగుతుంది. ప్రతిచోటా ఆమె డిగ్రీలు, సర్టిఫికెట్లు గొంతెత్తి చదివి శాలువా కప్పుతారు. ఫోరెన్సిక్ ల్యాబ్ ఉద్యోగం ఎందుకు వదిలేసిందో మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ల్యాబ్‌లో ఉన్నప్పుడు, ఒక అమ్మాయిని ఫోటోలతో బెదిరించినవాడి ఫోన్ ఆమె బల్ల మీదికి వచ్చేసరికే స్టేషన్లో నలుగురూ దాన్ని గెలికేశారు. జప్తు చేశాక తెరిచారని ఆమె ఉన్నదున్నట్టు రిపోర్టు రాసింది. కోర్టులో ఆ రిపోర్టునే అడ్డం పెట్టుకుని వాడు నవ్వుకుంటూ బయటికొచ్చాడు.

మొన్న అడవి అంచు స్టేషన్లో పాఠం మధ్యలో ఎస్సై గణేష్, కొత్త కేసులో జప్తు చేసిన ఫోన్ తెచ్చి, వేలితో ఫోటోలు జరుపుతూ మురిసిపోయాడు.

"పొద్దుగాల నుంచి అందరం కూసొని చూసినం మేడం. ఆ పిల్లకు వీడే పంపిండు. అన్నీ దీంట్లనే ఉన్నయి."

సంపూర్ణ చేతులు వెనక్కి పోయాయి.

"సీల్ వేయకుండానే తెరిచిన్రా?"

"అవ్ మేడం. చూడకుంటే ఎట్ల తెలుస్తది?"

"రేపు వాడి వకీలు ఇవన్నీ మీరే పెట్టిన్రంటడు. కాదని నేను కూడా చెప్పలేను." ఆమె శాలువా తీసి కుర్చీలో పడేసింది. "మీరందరూ చూసిన్రు సార్. ఇంక జడ్జి చూడడు."